గేటు దగ్గర రెండు నిమిషాలు

ఇరవై ఆరేళ్ళుగా ఈ డిటెక్టివ్ పని చేస్తున్నాను. “నేను చెయ్యలేదు” అనే అబద్ధం కొన్ని వందలసార్లు విని ఉంటాను. “నేనే చేశాను” అనే అబద్ధం మాత్రం చాలా అరుదు. ఆ రోజు పొద్దున ఎనిమిదీ పదికి, చేతిలో టీ కప్పు ఇంకా వేడిగా ఉండగానే, అది నా చెవిన పడింది. చెబుతున్న మనిషి ఆసుపత్రి మంచం మీద, కుడికాలికి తొడ దాకా పిండికట్టుతో వెల్లకిలా పడుకుని ఉన్నాడు.

“బరువు ఎక్కువేశానమ్మా. నాదే తప్పు. రాసేసుకో.”

“ఎంత ఎక్కువ వేశారు?”

“చాలా.”

“చాలా అంటే ఎన్ని కిలోలు? ముప్ఫై ఒక్క ఏళ్ళుగా ట్రాక్టర్ నడుపుతున్న మనిషి చెప్పే లెక్కేనా ఇది?”

ఆయన ఫ్యాను వంక చూశాడు. “లెక్క పెట్టలేదు.”

అది అబద్ధమని నాకు అప్పుడే తెలిసిపోయింది. మా నాన్న ఇంజన్ మెకానిక్. బరువులు లాగే డ్రైవర్ల మధ్యే పెరిగాను. వాళ్ళు పెళ్ళి రోజు మరిచిపోతారు గానీ వేసిన బస్తాల లెక్క మరిచిపోరు.

ఈయన్ని పనిచేసే మొక్కల నర్సరీలో అందరూ తాత అంటారు. పక్కన స్టూలు మీద కూర్చుని బత్తాయి వలుస్తున్న ఆయన భార్యని అందరూ అత్త అంటారు. ఆ లెక్కన వాళ్ళిద్దరికీ వరస ఏమవుతుందో ఎవరూ ఆలోచించినట్టు లేదు. ఆవిడ అదే నర్సరీలో మొక్కలకి అంట్లు కడుతుంది. నేను వచ్చిన దగ్గర్నుంచీ ఒక్క మాట మాట్లాడలేదు. బత్తాయి మాత్రం మూడోది వలుస్తోంది. మొదటి రెండూ ఎవరూ తినలేదు.

కేసు చిన్నదే. నిన్న పొద్దున ఎనిమిదీ నలభైకి, మొక్కల నర్సరీలో తోటపనికి వాడే బుల్లి ట్రాక్టర్, వెనక ట్రాలీలో కొబ్బరి పొట్టు బస్తాలతో వాలు దిగుతూ అదుపు తప్పి, కింద పంపు గది గోడని గుద్దుకుంది. తాత కాలు విరిగింది. ఇన్సూరెన్స్ కంపెనీ పరిశోధకుడు మధ్యాహ్నానికల్లా “డ్రైవర్ నిర్లక్ష్యం” అని తేల్చేశాడు. ఆ రిపోర్టు ఈ రోజు పన్నెండింటికి పైకి వెళ్ళిపోతుంది. వెళ్ళిందంటే తాత ఇక ఆ సీటెక్కడు. అది పోనీ. చుట్టుపక్కల నర్సరీల వాళ్ళందరికీ చిన్న బండితో పెద్ద బరువు ఎలా లాగాలో నేర్పింది ఈయనే. ఆయన పేరు పక్కన ఆ ముక్క పడడం ఏమిటని నర్సరీ యజమానురాలు నిన్న సాయంత్రం నాకు ఫోన్ చేసింది. “తాత బరువు ఎక్కువ వెయ్యడు. అంతవరకు నిరూపించండి, చాలు,” అంది.

“సరే తాతా. వాలు మీద బరువు దింపడానికి మీ పద్ధతేంటో చెప్పండి. నాకు నేర్పుతున్నట్టు చెప్పండి.”

అబద్ధం ఆడుతున్న మనిషి కళ్ళలోకి కూడా వెలుగొచ్చింది.

“బండి ఎంత బరువో, వెనక ట్రాలీతో కలిపి అంతకి మించకూడదు. మా బండి నాలుగు వందల కిలోలు. బరువంతా ట్రాలీలో ముందుకి సర్దాలి. వెనక్కి పడిందా, కొక్కేన్ని పైకి లేపేసి చక్రాలకి పట్టు పోతుంది. కొక్కెం ఎప్పుడూ కిందే తగిలించాలి, పైన తగిలిస్తే బండి ముందు కాళ్ళు ఎత్తేస్తుంది. పిన్ను వెయ్యాలి, పిన్నుకి క్లిప్పు వెయ్యాలి, అది ఊడినా ఆగేలా గొలుసు వెయ్యాలి. వాలు మొదలయ్యే ముందు ఒక్కసారి దిగి చుట్టూ తిరిగి చూసుకోవాలి. ఇక నిటారుగా, నడిచినంత మెల్లగా దిగాలి. మధ్యలో తిప్పకూడదు. తల తిరుగుతున్నవాడు, నిద్ర లేనివాడు అసలు...” అని తల పైకెత్తబోయి ఆగిపోయాడు. కళ్ళు గట్టిగా మూసుకున్నాడు. అత్త చెయ్యి అప్పటికే ఆయన మెడ కిందకి వెళ్ళిపోయింది.

“నిన్న వాలు ముందు దిగి చూశారా?”

“చూశాను. ఎనిమిదీ ముప్ఫై అయిదుకి గేటు దగ్గర ఆపాను. చుట్టూ తిరిగాను. గేటు తియ్యబోతే యజమానురాలమ్మ వచ్చి కొత్త కుండీలు ఎక్కడ పెట్టాలని అడిగింది. రెండు నిమిషాలు మాట్లాడుకున్నాం. గేటు తీశాను. ఎక్కాను. బ్రేకు వదిలాను.”

“తరవాత?”

“తరవాత గోడ.”

“మోచేతులు రెండూ ఎందుకు గీరుకుపోయాయి? సీటు మీంచి పడితే అరచేతులు కదా గీరుకోవాలి?”

తాత దుప్పటి పైకి లాక్కుని చేతులు దాచేసుకున్నాడు. “పెద్ద వయసమ్మా. ఎలా పడ్డానో నాకేం గుర్తు?”

అత్త నాలుగో బత్తాయి అందుకుంది.

*

తొమ్మిదీ ఇరవైకి నర్సరీలో ఉన్నాను. ఎండ ఇంకా ముదరలేదు. తడి మట్టి వాసన. మంచి కేసు చేతిలో ఉండి, కాళ్ళ నొప్పులు లేని పొద్దున నాకు ఈ లోకం మీద ఏ ఫిర్యాదూ ఉండదు. ఆ రోజు అలాంటి పొద్దునే.

పైన సామాన్ల షెడ్డు. అక్కణ్ణించి యాభై అడుగులు సమంగా వెళ్తే గేటు. గేటు పక్కనే అంట్లు కట్టే పాక. గేటు ముందే నేల కాస్త కిందికి ఒరుగుతుంది, గేటు దాటితే గడ్డి వాలు, కిందికి నూట ఇరవై అడుగులు. వాలు చివర పూలమడులు, మధ్యలో పంపు గది. దాని గోడకి మూతి ఆనించి నారింజరంగు ట్రాక్టర్, వెనకాల పక్కకి ఒరిగిన ట్రాలీ. బస్తాలు కొన్ని అందులోనే, కొన్ని పూలమడుల మీద.

ఆ బస్తాల మధ్య నించుని మెడలో టేపు వేసుకున్న మనిషిని చూసి నవ్వొచ్చింది. పదేళ్ళ కిందట నా దగ్గరే పని నేర్చుకున్నాడు. కనిపించినదాన్నల్లా కొలుస్తాడని మేమే వాడికి టేపు అని పేరు పెట్టాం. ఇప్పుడు ఇన్సూరెన్స్ కంపెనీలో పెద్ద పరిశోధకుడు. ఇస్త్రీ మడత నలగని చొక్కా వేస్తాడు.

“అక్కా! మీరా? ఈ కేసులో మీకేముందని ఇంత దూరం వచ్చారు?”

“నువ్వేం మిగిల్చావో చూద్దామని.”

“ఏమీ మిగల్చలేదు. ఇరవై నాలుగు బస్తాలు. ఒక్కొక్కటి సగటున నలభై కిలోలు. మొత్తం తొమ్మిది వందల అరవై. బండి బరువు నాలుగు వందలు. వెనకున్న బరువు ముందున్న బండిని తోసుకుంటూ వెళ్ళిపోయింది. అంతే సంగతులు.”

“ఎప్పుడు తూచావు?”

“నిన్న పదకొండింటికి. కాటా నాదే, కొత్తది. ఇదిగో లెక్క, ఇరవై నాలుగూ విడివిడిగా.” కాయితాలు నా మొహం ముందు ఆడించాడు. “కావాలంటే మీరూ తూచుకోండి. తూచాక ఎక్కడివక్కడే పెట్టించాను, అప్పట్నుంచీ ఎవరినీ ముట్టుకోనివ్వలేదు.”

వాడు చెప్పిన సూత్రంలో తప్పు లేదు. బండి కంటే రెండింతల బరువు వెనక తగిలించి వాలు దిగితే ఏ డ్రైవరూ ఆపలేడు. కాకపోతే తాత లెక్క తప్పాడంటే నాకు నమ్మబుద్ధి కాలేదు. ఏం అడగాలో ఆలోచిస్తుండగా తొమ్మిదిన్నర అయింది.

పూలమడుల్లోంచి ఒక్కసారిగా బుస్సుమంది. ఎనిమిది స్ప్రింక్లర్లు లేచి గిర్రున తిరగడం మొదలెట్టాయి. టేపు కెవ్వుమని కాయితాలు చొక్కాలో దూర్చుకుని పరిగెత్తాడు. ఇస్త్రీ చొక్కా ఒంటికి అంటుకుపోయింది. నేను పంపు గది చూరు కిందకి దూరాను. అక్కడ అప్పటికే యజమానురాలు నించుని ఉంది. యాభై ఏళ్ళావిడ, మోకాళ్ళ దాకా రబ్బరు బూట్లు. కళ్ళు కూడా ఆర్పలేదు.

నీళ్ళు సరిగ్గా బస్తాల మీద పడుతున్నాయి.

“ఇది రోజూ ఉంటుందా?” అని అడిగాను.

“రోజూ తొమ్మిదిన్నర నుంచి పది దాకా. టైమర్ పెట్టాం.”

“నిన్న కూడానా?”

ఆవిడ బస్తాల వంక చూసింది. నా వంక చూసింది. నోరు తెరిచింది.

“నిన్న కూడా.”

“మరి చెప్పలేదేమండీ?”

“చెప్పడానికేముంది? నీళ్ళు రోజూ పడతాయి కదా.”

ఆవిడని తప్పు పట్టలేం. ఇరవై ఏళ్ళుగా రోజూ అదే వేళకి అదే చప్పుడు. మన ఇంట్లో గోడగడియారం టిక్కుమనడం మనకి వినిపిస్తుందా? కొబ్బరి పొట్టు అనేది నీళ్ళు తాగడానికే పుట్టిన పదార్థమని ఆ నర్సరీలో మొక్కలకి కూడా తెలుసు. అందుకే ఆ రెండు సంగతులూ కలిపి చూడాలని ఎవరికీ తోచలేదు.

పది గంటలకి నీళ్ళు ఆగాక, టేపుని వెంటబెట్టుకుని షెడ్డులోకి వెళ్ళాను. అదే లోడులో మిగిలిన పొడి బస్తాలు అయిదున్నాయి. వాడి కొత్త కాటా మీదే ఒకటి పెట్టాను. పద్నాలుగు కిలోలు. రెండోది, పద్నాలుగు. మూడోదీ అంతే.

“ఇరవై నాలుగు పద్నాలుగులు?” అన్నాను.

టేపు తల తుడుచుకుంటూ నెమ్మదిగా చెప్పాడు. “మూడు వందల ముప్ఫై ఆరు.”

“ఖాళీ ట్రాలీ అరవై. మొత్తం మూడు వందల తొంభై ఆరు. తాత హద్దుకి నాలుగు కిలోలు తక్కువే.”

యజమానురాలు చప్పట్లు కొట్టినంత పని చేసింది. “ఇంక చాలండీ! నేను అడిగింది ఇదే. రిపోర్టు మార్చేస్తారు కదా?”

టేపు నా శిష్యుడు. అంత తేలిగ్గా వదలడు.

“మారుస్తానండీ. ఇంకా గట్టిగా రాస్తాను. బరువు సరిగ్గా ఉన్నా బండిని ఆపలేకపోయాడంటే, డ్రైవర్ నిద్రన్నా పోతూ ఉండాలి, తాగన్నా ఉండాలి. బరువే మేలు కదక్కా? మీరు తాతని ఒడ్డున పడేద్దామని వచ్చి ఇంకా లోతుకి తోశారు.”

వాడి మాట చురుక్కుమంది. ఎందుకంటే అది నిజం.

“పన్నెండింటి దాకా టైముందిగా,” అన్నాను. “పద, వాలు చూద్దాం.”

ముందు ట్రాలీ చూశాను. టేపు తూకానికి ముందు తీసిన ఫోటోలో, లోపల మిగిలిన బస్తాలన్నీ ముందు పలకకే ఆనించి ఉన్నాయి, కట్టిన తాడు తెగలేదు. కొక్కెం కిందే ఉంది. పిన్ను ఉంది, క్లిప్పు ఉంది, గొలుసు ఉంది. తాత చుట్టూ తిరిగి చూసుకున్నది నిజమే.

తరవాత గేటు దగ్గర మోకాళ్ళ మీద కూర్చున్నాను. ఇది గేర్లు మార్చే బండి కాదు. పెడల్ నొక్కితే నడుస్తుంది, కాలు తీస్తే చక్రాలు వాటంతటవే పట్టుకుంటాయి. అందుకే రోజూ దిగే బండి గుర్తుల్లో, చక్రాలు బరువుని ఆపుకుంటూ దిగినచోటల్లా గడ్డి కాస్త నలిగి, చెదిరి ఉంది. నిన్నటి గుర్తులు అలా లేవు. మొదటి పన్నెండు అడుగులూ టైరు అచ్చు గుద్దినట్టు శుభ్రంగా పడింది. ఆ తరవాతే గడ్డి పెళ్ళలు పెళ్ళలుగా లేచిపోయింది.

“ఆ లేచింది బ్రేకు వేసినచోటు,” అన్నాడు టేపు. “ఆలస్యంగా వేశాడు. నేను చెప్పింది అదేగా?”

“ముందున్న పన్నెండు అడుగులు చూడు. చక్రాలని ఏదీ పట్టుకుని లేదు. ఉత్తినే దొర్లాయి. ఆయన అలవాటుగా పెడల్ మీంచి కాలు తీశాడు, బండి ఆగుతుందనుకున్నాడు. ఆగలేదని తెలిసి బ్రేకు వేసేసరికి వేగం అందుకుంది.”

“ఉత్తినే ఎలా దొర్లుతుంది? దానంతట అది...”

వాడు మధ్యలోనే ఆగాడు. ఇద్దరం ఒకేసారి కిందకి దిగాం.

ఈ రకం బళ్ళకి వెనక, కొక్కెం పక్కనే ఒక చిన్న లీవర్ ఉంటుంది. ఇంజన్ చెడిపోయినప్పుడు బండిని చేత్తో తోసుకోవడానికి పెట్టింది. దాన్ని లాగితే ఇంజన్‌కీ చక్రాలకీ సంబంధం తెగిపోతుంది. వదిలేస్తే స్ప్రింగు దాన్ని మళ్ళీ లోపలికి లాగేసుకుంటుంది.

“లోపలే ఉంది,” అన్నాడు టేపు. “నిన్న కూడా చూశాను. ఫోటో ఉంది.”

“లోపలే ఉంది. దాని మీద మురికి చూడు.”

ముప్ఫై ఏళ్ళ గ్రీజూ దుమ్మూ కలిసి లీవర్ అంతా నల్లగా గడ్డకట్టి ఉంది. ఒక్కచోట మాత్రం, వేలెడు వెడల్పున, చుట్టూ ఉంగరంలా శుభ్రంగా తుడిచి పెట్టినట్టుంది. చట్రం మీద కూడా దానికి ఎదురుగా అలాంటి గుర్తే. ఎవరో లీవర్ లాగి, వెనక్కి పోకుండా దేనితోనో చట్రానికి కట్టేశారు. తరవాత ఇంకెవరో విప్పేశారు.

టేపు మొహంలో నవ్వు పోయింది. పాత శిష్యుడు బయటికొచ్చాడు. “తాత చుట్టూ తిరిగి చూసుకున్నప్పుడు ఇది కట్టి లేదు. గేటు తీసి ఎక్కేసరికి కట్టి ఉంది. అంటే గేటు దగ్గర ఆ రెండు నిమిషాల్లో.”

“అవును.”

“విప్పింది ఎవరు?”

నేను వేలు చూపించాను. ట్రాక్టర్ ముందు చక్రం పక్కన తాత పడిన చోటు మట్టిలో గుంటలా ఉంది. జనం పరిగెత్తుకొచ్చే దారి ఎడమవైపు. కానీ ఆ గుంటలోంచి కుడివైపుకి, బండి వెనక్కి, తొమ్మిది అడుగుల పొడుగున, నీళ్ళకి అంచులు కరిగినా చెరగని ఒక ఈడ్చిన జాడ. మధ్యలో కాలు ఈడ్చుకుపోయిన గాడి, అటూ ఇటూ మోచేతుల గుంటలు. కాలు విరిగిన మనిషి, సాయం వచ్చేవైపు వదిలేసి, లీవర్ దాకా పాకాడు.

ఇన్నేళ్ళలో ఎంతోమంది సాక్ష్యం మాయం చేశారు. ఇంత నొప్పి భరించి చేసినవాణ్ణి నేను చూడలేదు.

ఈ సంతోషంలో, ఈ దిగులులో, వెనక నించున్న యజమానురాలిని మరిచిపోయాను. తిరిగి చూస్తే ఆవిడ మొహం పాలిపోయింది. టేపు నాకంటే ముందే చూశాడు.

“ఎవరో కావాలని చేశారంటే ఇది ఇన్సూరెన్స్ కేసు కాదు, పోలీసు కేసు. ఆ రెండు నిమిషాలూ తాతని మాటల్లో పెట్టింది మీరే కదండీ? కుండీలు ఎక్కడ పెట్టాలో సరిగ్గా అప్పుడే అడగాలా?”

“టేపూ!”

“మీరుండండక్కా. కనిపెట్టింది మీరే, నేను వరసలో పెడుతున్నానంతే. మేడమ్, మనం మీ ఆఫీసు గదిలో కూర్చుందాం.”

ఆవిడ ఎదురు చెప్పలేదు. అదే నాకు నచ్చలేదు. నన్ను పిలిపించిన మనిషిని నా చేతులతోనే ఇరికించాను. వాళ్ళు ఆఫీసుకి వెళ్ళగానే నేను మళ్ళీ వాలెక్కాను. గేటు దగ్గర, ట్రాక్టర్ వెనక భాగం ఆగే చోటు నించుని చుట్టూ చూశాను. నాలుగడుగుల దూరంలో అంట్లు కట్టే పాక. లోపల బల్ల మీద వరసగా మామిడి అంట్లు. ప్రతి అంటుకీ ఆకుపచ్చ ప్లాస్టిక్ పట్టీ చుట్టి, చివర ఒక బుల్లి ముడి. పట్టీ వేలెడు వెడల్పు.

ఒక ముడి విప్పుదామని గోటితో గీకాను. రాలేదు. రెండో గోరు కూడా అరిగింది. ఆ ముడి లోపలికే దాక్కుంది గానీ కొస మాత్రం చూపించలేదు.

అప్పుడు వాచీ చూసుకున్నాను. పదకొండు.

*

పదకొండుంపావుకి మళ్ళీ తాత మంచం పక్కన కూర్చున్నాను. అత్త అదే స్టూలు మీద ఉంది. ఈసారి బత్తాయిలు లేవు.

“తాతా, బరువు మూడు వందల తొంభై ఆరు కిలోలు. మీ లెక్క తప్పలేదు,” అన్నాను.

ఆయన మొహం వెలిగి, వెంటనే ఆరిపోయింది. “అయితే బ్రేకు ఆలస్యంగా వేశాను. నాదే తప్పు.”

“లీవర్ కట్టేసి ఉంది.”

“నేనే కట్టాను. పొద్దున షెడ్డులోంచి తోసినప్పుడు. విప్పడం మరిచిపోయాను.”

“కట్టేసి ఉంటే షెడ్డు నుంచి గేటు దాకా ఆ సమనేల మీద బండి ఎలా నడిచింది?”

తాత మళ్ళీ ఫ్యాను వంక చూశాడు.

“అక్కడ టేపు మీ యజమానురాలమ్మని పట్టుకున్నాడు,” అన్నాను. “మిమ్మల్ని మాటల్లో పెట్టి ఎవరిచేతో కట్టించిందంటున్నాడు. మీరు ఇలాగే పడుకుంటే పన్నెండింటికి ఆవిణ్ణి పోలీసులకి అప్పగిస్తాడు.”

“అమ్మనా?” లేవబోయాడు. మళ్ళీ కళ్ళు మూసుకుని దిండు మీద పడ్డాడు.

“నేనే కట్టాను,” అంది అత్త.

ఆ రోజంతటికీ నాకు ఆవిడ గొంతు వినిపించడం అదే మొదలు. మంద్రంగా, తేటగా ఉంది.

“నోర్ముయ్యవే!” అన్నాడు తాత.

“మూడు వారాలుగా తల తిరుగుతోందమ్మా ఈయనకి. మంచం దిగేటప్పుడు గోడ పట్టుకుంటున్నాడు. డాక్టరు దగ్గరికి పోదాం అంటే, ఈ ఒక్క లోడూ అయ్యాక అంటాడు. నిన్న తొమ్మిదింటికి రమ్మన్నారు డాక్టరు. ఈయనేమో మళ్ళీ బండెక్కాడు. గేటు దగ్గర దిగి మాట్లాడుతుంటే, పాకలోంచి వెళ్ళి లాగి కట్టేశాను. అది లాగితే బండి కదలదని ముప్ఫై ఏళ్ళుగా అన్నం తింటూ చెప్తాడు. కదలకపోతే కాసేపు తిట్టుకుని నాతో వస్తాడనుకున్నాను.”

“వాలు మీద లాగకూడదని కూడా చెప్పాను,” అన్నాడు తాత, పైకప్పుకి.

“లాగకూడదన్నారు. ఎందుకో చెప్పారా?”

“చెప్పాను.”

“చెప్పలేదు. మొయిలు చూస్తే వానెందుకు పడుతుందో గంట చెప్తారు, ఇది మాత్రం చెప్పలేదు.” ఒళ్ళో వేళ్ళు ముడేసుకుంది. “బండి కదలగానే అరిచానమ్మా. ఇంజన్ చప్పుళ్ళో ఎవరికి వినిపిస్తుంది?”

నేను ఆవిడ చెయ్యి పట్టుకున్నాను. అంటు కత్తి గాట్లతో గరుగ్గా ఉంది ఆ చెయ్యి. ఏం చెప్పాలో తెలియక పట్టుకునే ఉన్నాను. అంతలో తలుపు తోసుకుని టేపు వచ్చాడు, ఆరిన చొక్కాతో, చేతిలో కాయితంతో.

“కేసు అయిపోయిందక్కా. యజమానురాలు ఒప్పేసుకుంది. ‘నేనే కట్టాను’ అని రాసి సంతకం పెట్టింది. ఎందుకు అంటే మాత్రం చెప్పదు.”

గదిలో ముగ్గురం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. నాకు అప్పుడు అర్థమైంది. గేటు దగ్గర తాత వీపు ట్రాలీ వైపు ఉంది. యజమానురాలి మొహం ట్రాలీ వైపు ఉంది. ఆవిడ చూసింది, అదేమిటో అప్పుడు అర్థమై ఉండదు. నిన్నటి నుంచీ ఆవిడకి తెలుసు. అందుకే బరువు దాకా చాలు అంది.

“అది అబద్ధం బాబూ,” అని అత్త లేచి నించుంది. “కట్టింది నేను.”

టేపు నిట్టూర్చాడు. “బావుంది. తాత నేనే అంటాడు, మేడమ్ నేనే అంటుంది, ఇప్పుడు మీరు. మీ యజమానురాల్ని కాపాడుకుందామని చెప్తున్నారు. నాకు సంతకం ఉంది. మీ దగ్గర ఏముంది?”

“ఆమెకి నా ముడి వెయ్యడం వచ్చా? పిలిచి వెయ్యమను.”

“ముడా? ఏం ముడి?”

“ఏ ముడీ లేదు, పట్టీ లేదు, ఏమీ లేదు,” అన్నాడు తాత గబగబా. “ఇది బండి దగ్గరికే రాదు. దీని మాట వినకండి.”

అత్త ఆయన వంక చూడలేదు. బల్ల మీదున్న గాజుగుడ్డ చుట్టలోంచి జానెడు చించింది. మంచం పక్క ఇనప కడ్డీకి మూడు చుట్లు చుట్టి, వేళ్ళు ఎలా కదిలాయో కూడా కనిపించకుండా చివర ముడి వేసి వెనక్కి జరిగింది.

“విప్పు బాబూ.”

టేపు వంగాడు. ముందు నవ్వుతూనే లాగాడు. తరవాత గోరు పెట్టాడు. తరవాత పక్కకి తిరిగి వెలుతురులో కొస ఎక్కడుందో వెతికాడు. లాగినకొద్దీ ముడి ఇంకా బిగుసుకుంది. ఒక నిమిషం గడిచింది. చెమట పట్టింది వాడికి.

“కత్తెర ఉందా?” అన్నాడు.

“అలా లాగితే ఎలా వస్తుందయ్యా? కొసని లోపలికి తొయ్యాలి,” అని తాత విసుక్కున్నాడు. చెయ్యి చాపి, ముడిని బొటనవేలితో ఒక్క నొక్కు నొక్కి, చూపుడువేలితో ఇలా మీటాడు. గాజుగుడ్డ విడిపోయి మంచం మీద పడింది.

తాత ఆ గుడ్డ వంక చూశాడు. నెమ్మదిగా చెయ్యి దించుకున్నాడు.

టేపు యజమానురాలి సంతకం ఉన్న కాయితాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో దోపుకున్నాడు. స్టూలు లాక్కుని మంచం పక్కన కూర్చున్నాడు. వాడి గొంతులో అంత మెత్తదనం పదేళ్ళలో నేను వినలేదు.

“నిన్న దీన్ని విప్పడానికి ఎంతసేపు పట్టింది తాతా?”

తాత అత్త వంక చూశాడు. అత్త తల ఊపింది.

“కాలు విరిగింది కదయ్యా,” అన్నాడు. “కాస్త ఎక్కువే పట్టింది.”